తొలి పెంపుడు పాము: బ్రీడర్ దగ్గర కార్న్ స్నేక్‌ను ఎంచుకుని కొనే విధానం

అమెరికాలో పెరుగుతున్న పిల్లలు బడిలోనో, ప్రకృతి విజ్ఞాన కేంద్రంలోనో పామును చేతిలోకి తీసుకుని చూసి, ఇంటికి వచ్చి తమకూ ఒకటి కావాలని పట్టుబట్టినప్పుడు, నాగుల చవితికి పుట్టలో పాలు పోయడం తప్ప పాముతో వేరే పరిచయం లేని తల్లిదండ్రులకు ఏం చెప్పాలో తోచదు. కొందరు వెంటనే కాదనేస్తారు. కొందరు పిల్లల పోరు పడలేక దగ్గరలోని పెట్ స్టోర్‌కు వెళ్లి, కంటికి నచ్చిన రంగు చూసి కొనుక్కొస్తారు. ఈ రెండో పనిని ఆపడానికే ఈ వ్యాసం రాస్తున్నాను. పామును కొనేటప్పుడు ముందు చూడవలసింది అమ్మే మనిషిని, ఆ తరువాత ఆ పాము తిండి రికార్డును, ఆ తరువాత దాని ఒంటిని. రంగు ఆఖరున వస్తుంది. ఈ వరుస తప్పినందువల్లనే మొదటి పాములు చాలా ఇళ్లలో తిండి మానేసి చిక్కి చనిపోతుంటాయి.

మొదటిసారి పెంచేవారికి నేను నిస్సంకోచంగా సూచించేది కార్న్ స్నేక్. ఆగ్నేయ అమెరికాలోని పైన్ అడవుల్లో, పొలాల్లో, పాత ధాన్యపు కొట్టాల్లో ఎలుకలను తిని బతికే విషం లేని పాము ఇది. మన జెర్రిపోతు కుటుంబానికే చెందినది. గుడ్డులోంచి వచ్చినప్పుడు జానెడు పొడవు, పెన్సిల్ కన్నా సన్నని ఒళ్లు ఉండే పిల్ల సుమారు మూడేళ్లలో ఎదిగి మూడు నుంచి ఐదు అడుగుల పొడవుకు చేరుతుంది. బాగా చూసుకుంటే 15 నుంచి 20 ఏళ్లు, ఒక్కోసారి అంతకు మించి బతుకుతుంది. పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చిన బాల్ పైథాన్ ఇంతకన్నా నెమ్మదైనదే, చేతిలో ముద్దగా చుట్టుకుని కూర్చుంటుంది. అయితే అది కారణం తెలియకుండానే వారాలు, నెలలు తిండి మానేయగలదు, గాలిలో తేమ తగ్గితే కుబుసం ముక్కలుగా ఊడుతుంది, పైగా ఘనా, టోగో, బెనిన్ దేశాల నుంచి దిగుమతి చేసిన పిల్లలు నేటికీ అంగళ్లలో కనబడుతుంటాయి. అనుభవం ఉన్నవారు ఈ ఇబ్బందులన్నిటినీ సర్దుకోగలరు కాని, తొలిసారి పెంచే కుటుంబం మూడు నెలల ఉపవాసాన్ని చూసి తట్టుకోలేదు. కింగ్ స్నేక్ కూడా మంచిదే, తిండి విషయంలో అసలు పేచీ పెట్టదు. కాకపోతే వేలినీ తిండే అనుకుని పట్టుకునే గుణం దానిలో ఎక్కువ కాబట్టి చిన్నపిల్లలున్న ఇంటికి రెండో స్థానంలో పెడతాను.

బ్రీడర్‌ను, అంటే పాములను తన దగ్గరే పుట్టించి పెంచి అమ్మే మనిషిని, వెతకడానికి ముందు ఇంట్లో తేల్చుకోవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. పదేళ్ల పిల్లవాడు అడిగిన పాము వాడు కాలేజీ ముగించి ఉద్యోగంలో చేరేనాటికీ బతికే ఉంటుంది. కాబట్టి ఆ పాము నిజంగా తల్లిదండ్రులదే అవుతుంది. దానికి ఎలుకలే తిండి. కూరగాయలు, అన్నం, పాలు ఏవీ పనికిరావు. చచ్చిన ఎలుక పిల్లలను గడ్డకట్టించి ప్యాకెట్లలో అమ్ముతారు, వాటిని ఫ్రీజర్‌లో దాచుకుని ఒక్కొక్కటే తీసి కరిగించి పెట్టాలి. మాంసం గడప తొక్కని ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు. గరాజ్‌లో ఒక చిన్న ఫ్రీజర్ విడిగా పెట్టుకుంటే సర్దుకోగలమా, దేశం నుంచి ఆరు నెలలు ఉండడానికి వచ్చే అమ్మమ్మ, తాతయ్యలు ఆ ఇంట్లో నిశ్చింతగా నిద్రపోగలరా అన్నది ముందే మాట్లాడుకోవాలి. శాకాహారులైన తల్లిదండ్రులు మనసుకు కష్టంగా ఉన్నా ఒప్పుకుని చక్కగా పెంచుతున్న ఇళ్లూ ఉన్నాయి. ఒప్పుకోలేకపోతే అందులో తప్పు లేదు, కొనకుండా ఉండడమే ఆ జీవికి చేసే మేలు.

ఆరోగ్యం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆరోగ్యంగా కనిపించే పాము పేగుల్లోనూ సాల్మొనెల్లా క్రిములు ఉండవచ్చు, గడ్డకట్టిన ఎలుకల్లోనూ ఉండవచ్చు, ఫ్రీజర్ చలికి అవి చావవు. అందుకే ఐదేళ్లలోపు పిల్లలు, 65 ఏళ్లు దాటిన పెద్దలు, రోగనిరోధక శక్తి తగ్గినవారు సరీసృపాలకు దూరంగా ఉండాలని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెబుతుంది. పామును ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. నీళ్ల గిన్నెను, పెట్టెను వంటింటి సింకులో కడగకూడదు.

చట్టం రాష్ట్రానికొక రకంగా ఉంటుంది కనుక అడ్వాన్సు ఇవ్వకముందే చూసుకోవాలి. జార్జియాలో స్థానికంగా పుట్టే విషం లేని పాములను పెంచుకోవడం నిషిద్ధం, కార్న్ స్నేక్ అక్కడి స్థానిక జాతే. అందువల్ల అట్లాంటా చుట్టుపక్కల ఉండే మనవాళ్లు ఈ పామును మరచిపోయి, బాల్ పైథాన్ వంటి బయటి జాతిని చూసుకోవాలి. న్యూజెర్సీలో కార్న్ స్నేక్ అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న స్థానిక జాతుల జాబితాలో ఉన్నందున, బ్రీడర్ దగ్గర పుట్టిన దానికైనా రాష్ట్ర వన్యప్రాణి శాఖ అనుమతి పత్రం కావాలి. హవాయిలో ఏ పామునూ పెంచుకోకూడదు; పట్టుబడితే 2,00,000 డాలర్ల వరకు జరిమానా, మూడేళ్ల వరకు జైలు. రాష్ట్రం ఒప్పుకున్నా అపార్ట్‌మెంట్ లీజు ఒప్పుకోకపోవచ్చు, దాన్నీ చదవండి. వీసా మీద ఉన్నవారు మరొకటి ఆలోచించాలి: ఇండియాకు తిరిగి వెళ్లవలసి వస్తే పామును వెంట తీసుకెళ్లడం సూట్‌కేసు సర్దుకున్నంత సులభం కాదు. విదేశీ జీవులను భారతదేశంలోకి తేవడానికి ముందస్తు లైసెన్సు, అనుమతులు కావాలి. అలాంటి అవసరం వస్తే పామును ఎవరికి అప్పగిస్తారో ఇప్పుడే అనుకోవడం మంచిది. చాలామంది మంచి బ్రీడర్లు, తాము అమ్మిన పామును ఎప్పుడైనా వెనక్కి తీసుకుంటామని మాటిస్తారు.

ఇదంతా చదివి ఆంధ్ర, తెలంగాణల్లో ఉన్నవారెవరికైనా పాము పెంచాలన్న కోరిక కలిగితే ఒక్క మాట. మన నేల మీద పుట్టే నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ వంటి పాములను పట్టి ఇంట్లో ఉంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బాల్ పైథాన్ వంటి, అంతర్జాతీయ ఒప్పందం కింద రక్షణ ఉన్న విదేశీ జాతులను పెంచేవారు 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ నడిపే పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. కాగితాలు చూపించకుండా అమ్మేవాడి దగ్గర ఏ జీవినీ కొనవద్దు.

పాము కన్నా ముందు దాని ఇల్లు రావాలి. పెట్టెను సిద్ధం చేసి కనీసం వారం రోజులు ఖాళీగా నడిపించి, వెచ్చని మూల సుమారు 85 డిగ్రీల ఫారన్‌హీట్, చల్లని మూల 75 దగ్గర నిలకడగా ఉంటున్నాయని థర్మామీటర్‌తో చూసుకున్న తరువాతే కొనడానికి బయలుదేరాలి. వేడినిచ్చే ప్యాడ్‌కైనా దీపానికైనా థర్మోస్టాట్ తప్పనిసరి. అది లేని హీట్ ప్యాడ్ అదుపు తప్పి వేడెక్కితే పాము పొట్ట కాలిపోతుంది, అయినా పాము అక్కడినుంచి కదలకపోవచ్చు. రెండు మూలల్లోనూ ఒక్కో దాక్కునే గూడు, ఒక నీళ్ల గిన్నె, కింద ఆస్పెన్ చెక్క పొట్టు ఉంటే సరిపోతుంది. దేవదారు పొట్టు వాడకూడదు, దాని ఘాటు ఊపిరితిత్తులను పాడు చేస్తుంది. పిల్ల పామును పెద్ద గాజు పెట్టెలో వదిలితే బెదిరి తిండి మానేస్తుంది కనుక మొదటి ఏడాది చెప్పుల పెట్టె అంత ప్లాస్టిక్ డబ్బా చాలు. పూర్తిగా ఎదిగిన తరువాత నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న పెట్టె ఇవ్వాలి. మూతకు గొళ్లెం ఉండాలి. తల పట్టిన సందులోంచి ఒళ్లంతా జారిపోగలదు కార్న్ స్నేక్. ఒక పెట్టెలో ఒక్క పామే. తోడు కోసమని రెండు పెట్టడం మనిషి ఊహే తప్ప పాముకు అది అవసరం లేదు.

ఇక బ్రీడర్ సంగతి. కార్న్ స్నేక్‌లు వసంతంలో జతకట్టి, వేసవి ఆరంభంలో గుడ్లు పెడతాయి. రెండు నెలలు పొదిగితే జులై నుంచి సెప్టెంబరు వరకు పిల్లలు బయటికి వస్తాయి. గుడ్డులోంచి వచ్చిన పిల్ల వారం, పది రోజులకు మొదటి కుబుసం విడిచి, ఆ తరువాతే మొదటి మేత తింటుంది. కాబట్టి అక్టోబరు, నవంబరు నెలల్లో కొనేవారికి ఐదారు మేతలు తిన్న పిల్లలు కావలసినన్ని దొరుకుతాయి, చలి ఇంకా ముదరదు కనుక రవాణా ఇబ్బందీ ఉండదు. ఇంకొంచెం ఓపిక, ఇంకొంచెం డబ్బు ఉన్నవారికి నేను చెప్పే మంచి దారి, ఏడాది వయసు దాటిన పామును అడగడం. బ్రీడర్లు ప్రతి ఏటా మంచి పిల్లలను కొన్ని తమకోసం అట్టిపెట్టుకుంటారు, వాటిని హోల్డ్‌బ్యాక్ అంటారు. చోటు చాలనప్పుడు వాటిలో కొన్నిటిని అమ్మకానికి పెడతారు. అలాంటిది ఏడాది పాటు ఒక్కసారీ మానకుండా తిన్న పాము, మనిషి చేతికి అలవాటు పడిన పాము. తొలి ఏడాది గండాలన్నీ గట్టెక్కినదాన్ని తెచ్చుకుంటే కొత్తవారికి సగం భయం తీరుతుంది.

బ్రీడర్లను కలిసే చోట్లు రెండు: సరీసృపాల ప్రదర్శనలు, ఇంటర్నెట్. టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో, షికాగో దగ్గర టిన్లీ పార్క్‌లో ఎన్.ఏ.ఆర్.బి.సి. ప్రదర్శనలు జరుగుతుంటాయి, ఆగ్నేయ రాష్ట్రాల్లో రెప్టికాన్ పేరుతో ఊరూరా జరుగుతాయి. ఇంటర్నెట్‌లో ఎక్కువమంది అమ్మేది మార్ఫ్‌మార్కెట్‌లో. ప్రదర్శనకు వెళితే మొదటి గంట ఏమీ కొనకుండా అన్ని బల్లలూ తిరిగి చూడండి. ప్లాస్టిక్ కప్పులు శుభ్రంగా ఉన్నాయా, ఒక్కో కప్పు మీద పుట్టిన తేదీ, తిన్న మేతల సంఖ్య రాసి ఉన్నాయా, ఒక పామును చూపించి మరో పాముకు చేయి పెట్టేముందు అమ్మే మనిషి చేతులు శుభ్రం చేసుకుంటున్నారా అన్నవి చూడండి. ఒకే బల్ల మీద పది రకాల జాతులు, తేళ్లు, బల్లులు కలిపి పెట్టి, ఎక్కడ పుట్టాయని అడిగితే సమాధానం దాటవేసేవారు సాధారణంగా పెంచేవారు కాదు, టోకున కొని చిల్లరగా అమ్మేవారు. పెంచే మనిషిని అడిగితే తల్లి ఏది, తండ్రి ఏది, గుడ్లు ఎప్పుడు పెట్టింది అన్నవి తడుముకోకుండా చెబుతారు, ఫోన్‌లో ఫొటోలు చూపిస్తారు. మీ ఇంట్లో పెట్టె సిద్ధంగా ఉందా, ఉష్ణోగ్రత ఎంత ఉంది అని వారే ఎదురు ప్రశ్నలు వేస్తే ఆ మనిషిని వదులుకోకండి.

అడగవలసిన ప్రశ్నల్లో ప్రధానమైనది తిండి గురించే. ఎన్ని మేతలు తిన్నది, చివరిసారి ఏ తేదీన తిన్నది, ఏ సైజు ఎలుక పెట్టారు, గడ్డకట్టించి కరిగించినది తింటోందా లేక ప్రాణంతో ఉన్నది కావాలంటోందా, ఎప్పుడైనా కక్కిందా, మేతకు ఏదైనా చిట్కా వాడవలసి వచ్చిందా? ఈ చివరి ప్రశ్నకు చాలా విలువ ఉంది. కొన్ని పిల్లలు మామూలు పింకీని, అంటే వెంట్రుకలు రాని ఎలుక పిల్లను, ముట్టవు. దానికి బల్లి వాసన పూసో, తల చిదిపో పెడితేగాని తినవు. అలాంటి పిల్లను అనుభవజ్ఞుడు దారికి తేగలడు, కొత్తవారు తేలేరు. కనీసం ఐదు మేతలు, వరుసగా, కరిగించిన ఎలుకలనే, ఏ చిట్కా లేకుండా తిన్నదని రికార్డు చూపితేనే ముందుకు వెళ్లండి. వీలైతే మీ ముందే తినిపించమని అడగండి. ప్రదర్శనల్లో అది కుదరదు కాని, ఇంటి దగ్గర అమ్మేవారు చూపిస్తారు, దూరాన ఉన్నవారు వీడియో పంపుతారు.

పామును చేతిలోకి తీసుకున్నాక తొందరపడవద్దు. ఆరోగ్యమైన పిల్ల వేళ్ల మధ్య నుంచి ఆగకుండా పాకుతూ, నాలుకను మాటిమాటికీ బయటికి తీస్తూ, వేలిని కొంచెం గట్టిగానే చుట్టుకుంటుంది. ఒళ్లు సడలిపోయి తాడులా వేలాడితే అది నెమ్మదితనం కాదు, నీరసం. వెన్ను మీద వేలిని తోక దాకా మెల్లగా జార్చితే ఎక్కడా గుబ్బ, వంకర తగలకూడదు, వెన్నెముక గట్టు కట్టి పైకి కనిపించకూడదు. రెండు కళ్లూ ఒకేలా ఉండాలి. రెండూ నీలంగా మసకబారి ఉంటే కుబుసానికి సిద్ధమవుతోందని అర్థం, అప్పుడు కొనకుండా కుబుసం విడిచేదాకా ఆగమనండి. ఒక్క కంటికే మసక ఉంటే పాత కుబుసపు పొర కంటి మీద మిగిలిపోయి ఉండవచ్చు. పామును చెవి దగ్గర పెట్టుకుంటే ఊపిరి చప్పుడు వినబడకూడదు. ఈల శబ్దం, ముక్కు దగ్గర నురుగు, నోరు తెరిచి గాలి పీల్చడం శ్వాసకోశ వ్యాధికి గుర్తులు. మలద్వారం చుట్టూ పొలుసులు శుభ్రంగా, పొడిగా ఉండాలి. పొట్ట నడుమ ఏ మేతా లేకుండానే ఉబ్బు కనిపించి, ఈ మధ్య కక్కిందని కూడా తెలిస్తే ఆ పామునూ ఆ గదిలోని మిగతా పాములనూ వదిలేసి రండి. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి లక్షణాలు అవి, దానికి నమ్మదగిన మందు లేదు.

పురుగుల సంగతి విడిగా చెప్పాలి. పాము మైట్ అనేది గసగసాల గింజలో సగం ఉండే నల్లని పురుగు. అది కంటి అంచు పొలుసుల కింద, గడ్డం కింద గాడిలో నక్కి ఉంటుంది. తెల్ల పేపర్ టవల్‌ను కాస్త తడిపి పాము ఒంటి మీదుగా తల నుంచి తోక వైపు రెండుసార్లు జార్చి, ఆ కాగితాన్ని వెలుతురులో చూడండి. నల్లని చుక్కలు అంటుకుని, వాటిలో ఒక్కటి కదిలినా ఆ బల్ల దగ్గర ఏదీ కొనకండి. నీళ్ల గిన్నె అడుగున చేరే నల్లని నలుసులూ అవే. పిల్ల పాము తోకను గిలకలా ఆడించినా, ఎస్ ఆకారంలో ఒళ్లు ముడిచి దూకి కరవబోయినా మాత్రం భయపడనక్కర లేదు. అరచేతిలో ఇమిడే జీవి తనను తాను కాపాడుకునే తీరు అది, కొన్ని నెలల్లో మానుతుంది. ఆ వయసు కాటుకు గీరుకుపోయినంత గాయం కూడా కాదు.

మార్ఫ్‌ల గురించి, అంటే ఒకే జాతిలో వచ్చే రంగుల, మచ్చల రకాల గురించి, క్లుప్తంగా. నలుపు రంగు లేని ఎర్రని పాములు, ఎరుపు లేని బూడిదరంగు పాములు, మచ్చలు గీతలుగా సాగినవి, ఇలా వందల రకాలున్నాయి. మామూలు రంగు పిల్ల సాధారణంగా వంద డాలర్లలోపు వస్తుంది, అరుదైన కలయికలు వందల డాలర్లు పలుకుతాయి. ఆరోగ్యంలోనూ స్వభావంలోనూ వీటి మధ్య తేడా లేదు. హెట్ అని రాసి ఉంటే బయటికి కనిపించని జన్యువు ఒకటి లోపల ఉందని అర్థం. పాము పిల్లలను పుట్టించే ఆలోచన లేనివారు దానికోసం ఒక్క డాలరు ఎక్కువ ఇవ్వనక్కర లేదు. సన్‌కిస్డ్ అనే మార్ఫ్ వంశాల్లో మాత్రం స్టార్‌గేజర్ అనే జన్యులోపం తిరుగుతోంది, ఆ లోపమున్న పాము తలను వెనక్కి ఆకాశం వైపు తిప్పేస్తుంది, సరిగా పాకలేదు. విడిచిన కుబుసంతో చేసే డీఎన్‌ఏ పరీక్షలో ఇది తేలుతుంది కాబట్టి, ఆ వంశం పామైతే తల్లిదండ్రుల పరీక్ష ఫలితం అడగాలి. బాల్ పైథాన్ కొనేవారు స్పైడర్ మార్ఫ్‌ను ఇదే కారణంగా వదిలిపెట్టాలి. ఆ జన్యువుతో పాటే తల ఊగే జబ్బు వస్తుంది. ఆడా మగా అన్నది పెంపకంలో పెద్ద తేడా కాదు కాని, ఆడపాము మగతోడు లేకపోయినా గుడ్లు పెట్టి, ఒక్కోసారి ఆ గుడ్లు లోపలే ఇరుక్కుని ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది కనుక కొత్తవారు మగదాన్ని అడగడం మేలు.

దూరం నుంచి తెప్పించుకునేవారికి రవాణా నియమాలు తెలియాలి. అమెరికా తపాలా శాఖ పాములను తీసుకోదు. బ్రీడర్లు ఎక్కువగా ఫెడెక్స్ ద్వారా, లోపల థర్మాకోల్ పలకలు అమర్చిన పెట్టెలో, గుడ్డ సంచిలో కట్టి, ఒక్క రాత్రిలో చేరేలా పంపుతారు. మీ ఊళ్లో గాని, వారి ఊళ్లో గాని ఉష్ణోగ్రత 40 డిగ్రీల ఫారన్‌హీట్‌కు దిగువన, 90కి ఎగువన ఉంటే పంపనంటారు, అలా అనేవారే మంచివారు. ఇంటి గుమ్మం ముందు వదిలివెళ్లే ఏర్పాటు వద్దు, దగ్గరలోని ఫెడెక్స్ కేంద్రంలో ఉంచమని చెప్పి పొద్దున్నే మీరే వెళ్లి తెచ్చుకోండి. ప్రాణంతో చేరుతుందన్న హామీని కాగితం మీద చదవండి. చేరిన కొద్ది గంటల్లో ఫొటోతో తెలియజేయకపోతే అది చెల్లదని అందులో ఉంటుంది. ఆన్‌లైన్ చెల్లింపుల్లో స్నేహితులకు పంపే పద్ధతిలో డబ్బు అడిగేవారికి ఇవ్వకండి, కొనుగోలుదారుకు రక్షణ ఉండే పద్ధతిలోనే చెల్లించండి.

పాము ఇంటికి వచ్చాక మొదటి వారం దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. పిల్లలకు ఇది కష్టమైన నియమం, అయినా తప్పదు. నీళ్లు మార్చడం తప్ప వేరే పని పెట్టుకోకండి. ఐదారు రోజుల తరువాత, బ్రీడర్ పెట్టిన సైజు ఎలుకనే, ఫ్రీజర్ నుంచి తీసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, ప్లాస్టిక్ సంచిలో వేసి వేడినీళ్లలో వెచ్చబరచి, పొడవాటి పటకారుతో గూడు వాకిట్లో ఉంచి పక్కకు తప్పుకోండి. మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టకూడదు. ఎలుక మందం పాము నడుము మందానికి కాస్త ఎక్కువ ఉండవచ్చు, ఒకటిన్నర రెట్లు మించకూడదు. తిన్న తరువాత రెండు రోజులు చేతిలోకి తీసుకోకండి, అరగకముందే కదిలిస్తే కక్కుతుంది. పిల్ల పాములకు ఐదు నుంచి ఏడు రోజులకొక మేత చాలు.

మొదటి మేత ముట్టకపోతే కంగారు పడకుండా ఆ ఎలుకను పారేసి, మరో వారం ఆగి మళ్లీ పెట్టండి. రెండోసారీ తినకపోతే ఉష్ణోగ్రత, గూడు చూసుకుని, మూడోసారి కూడా తినకపోతే బ్రీడర్‌కు ఫోన్ చేయండి. మంచి బ్రీడర్‌ను ఎంచుకున్నందుకు ఫలం దక్కేది అప్పుడే. కక్కితే పది నుంచి పద్నాలుగు రోజులు ఖాళీ కడుపుతో ఉంచి, అంతకుముందు కన్నా చిన్న ఎలుకతో మొదలుపెట్టాలి. రెండోసారి కక్కితే ఇక ఆగకుండా సరీసృపాల వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. కుక్కలను, పిల్లులను చూసే డాక్టర్లందరూ పాములను చూడరు కనుక, సరీసృప, ఉభయచర పశువైద్యుల సంఘం ఏఆర్‌ఏవీ ఇచ్చే జాబితాలో మీ ఊరికి దగ్గరలోని వైద్యుడిని పామును కొనకముందే వెతికి, ఆ ఫోన్ నంబరును పెట్టె పక్కన గోడకు అంటించి ఉంచండి.